కీమో అయిపోయిన పాప, 9 ఏళ్ళు: ఓపీజీలో (పళ్ళన్నీ ఒకేసారి కనబడే ఎక్స్‌రే) 35, 45 నంబరు పళ్ళు లేవు, వేర్లు పొట్టి. క్లిప్పులు వేయించొచ్చా?

అడయారు_సహాయం:

నమస్తే అండీ. నెల్లూరు, తిరుపతి, ప్రకాశం వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చే పిల్లల కుటుంబాలకు, మందులు ఆగిపోయాక ఏమేం చూసుకోవాలో తెలుగులో ఒక కాగితం రాసి ఇస్తున్నాం. గుండె గురించి, ఎత్తు గురించి, చదువు గురించి రాశాం. పళ్ళ దగ్గర మాత్రం "ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టరుకు చూపించండి" అన్న ఒక్క ముక్కే ఉంది. అది చాలదని ఈ పాప ఓపీజీ చూశాక తెలిసింది.

పాపది నాయుడుపేట దగ్గర ఊరు. బి-సెల్ ఏఎల్ఎల్ (ఒక రకం బ్లడ్ క్యాన్సర్). 2 ఏళ్ళ 8 నెలలప్పుడు కీమో మొదలు, 5 ఏళ్ళ 3 నెలలకు మెయింటెనెన్స్ (చివరి దశ మందులు) పూర్తి. పడిన మందులు: విన్‌క్రిస్టిన్, డెక్సామెథాసోన్, ఆస్పరాజినేజ్, డౌనోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, సైటరబిన్, మెథోట్రెక్సేట్, 6-ఎంపీ. తలకు రేడియేషన్ ఇవ్వలేదు. జబ్బు తిరగబెట్టలేదు, పోర్టు (ఛాతీలో పెట్టిన, మందులెక్కించే డబ్బా) తీసేశారు.

ఓపీజీలో ఉన్నది ఇది: 35, 45 (కింద ఎడమ, కుడి వైపుల్లో, మధ్య నుంచి లెక్కిస్తే ఐదో నంబరు పళ్ళు) కనబడటం లేదు. 37, 47 (అక్కడే ఏడో నంబరువి) చిన్నవి. నాలుగు వైపులా ఆరో నంబరు పళ్ళ వేర్లు పొట్టిగా, కొసకు వచ్చేసరికి సన్నబడి ఉన్నాయి. పై ముందు పళ్ళు కాస్త ఎగుడుదిగుడు. 85లో (కింద కుడి వైపు చివరి పాలపన్ను) పుచ్చు ఉంది, నొప్పి లేదు. అక్కడి డాక్టరు గారు 85 పీకేసి, ఏడాదిలో క్లిప్పులు మొదలుపెడదామన్నారట. వాళ్ళ నాన్న ఎల్లుండి తీసుకెళ్తున్నాడు.

85 తీయించాలా? క్లిప్పులు వేయొచ్చా? మా కాగితంలో పళ్ళ గురించి ఏం రాయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి, అలాగే మార్చి రాసుకుంటాం.

వేళచ్చేరి_పిల్లల_పళ్ళు:

ముందు వాళ్ళకు ఫోన్ చేసి 85 పీకించవద్దని చెప్పండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. దాని కింద 45 లేదు కదా. ఆ చోటుకు ఇక ఆ పాలపన్నే దిక్కు. కింద నుంచి తోసుకొచ్చే పన్ను లేనప్పుడు పాలపన్ను వేరు అరగడం చాలా నెమ్మది. జాగ్రత్తగా కాపాడితే 20లు, 30లు దాకా నిలిచేవి ఉన్నాయి. నొప్పి లేని పుచ్చుకు పీకుడు తొందరపాటు.

ఇప్పుడు ఎందుకు ఇలా అయిందో చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే మీ కాగితంలో ఏం రాయాలో దానంతటదే తేలుతుంది.

ప్రతి పన్నుకూ ఒక క్యాలెండరు ఉంటుంది. చిగురు పైన కనబడే భాగాన్ని తల అందాం. ఆరో నంబరు పన్ను తల బిడ్డ పుట్టేనాటికి గట్టిపడటం మొదలుపెట్టి రెండున్నర, మూడేళ్ళకు పూర్తవుతుంది. దాని వేరు 9, 10 ఏళ్ళ దాకా పెరుగుతూనే ఉంటుంది. మధ్య ముందు పళ్ళ తలలు 3, 4 నెలలకు మొదలై 4, 5 ఏళ్ళకు ముగుస్తాయి. నాలుగో నంబరు ఒకటిన్నర, రెండేళ్ళ మధ్య మొదలవుతుంది. ఐదో నంబరు రెండు, రెండున్నర మధ్య. ఏడో నంబరు రెండున్నర, మూడు మధ్య మొదలై 7, 8 ఏళ్ళకు తల పూర్తి చేసుకుంటుంది, వేరు 14 నుంచి 16 దాకా.

కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను కొడతాయి. పన్ను మొగ్గలో ఉండేవీ అవే. ఎనామిల్ (పన్ను పై గట్టి పొర) పేర్చే కణాలు ఒకసారి దెబ్బతింటే ఆ పొరను మళ్ళీ పేర్చేవాళ్ళు లేరు. మొగ్గ గట్టిపడకముందే దెబ్బ తగిలితే పన్నే రాదు. తల పేరుకుంటుండగా తగిలితే పన్ను చిన్నదవుతుంది, లేదా ఎనామిల్ మీద గీత పడుతుంది. తల అయిపోయి వేరు దిగుతుండగా తగిలితే వేరు మధ్యలోనే ఆగి, కొస ముందే మూసుకుపోతుంది. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందుల మొత్తం మోతాదు పెరిగేకొద్దీ ఇవన్నీ ఎక్కువ.

ఈ పాపకు మొదలైంది 2 ఏళ్ళ 8 నెలలకు. ఐదో నంబరు ఈ పాపలో కాస్త ఆలస్యమై అప్పటికి ఇంకా మొగ్గగానే ఉండి ఉంటుంది, అందుకే 35, 45 కనబడటం లేదనుకోవచ్చు. ఏడో నంబరు అప్పుడే మొదలవుతోంది, బతికింది గానీ చిన్నదైంది. ఆరో నంబరు తల దాదాపు అయిపోయింది కాబట్టి పైకి చూస్తే బాగానే ఉంటుంది, దెబ్బంతా వేరులో ఉంది. మీ ఓపీజీ రిపోర్టు ఈ క్యాలెండరుతో దాదాపు సరిపోయింది. ఒకసారి పై ముందు పళ్ళను గాజుగుడ్డతో తుడిచి ఆరబెట్టి, టార్చి పక్క నుంచి వేసి చూడండి. చిగురుకు కాస్త కింద, అడ్డంగా, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీతో, వేలిగోరు తగిలేంత గాడో ఉండే అవకాశం ఉంది. ఆ గీత ఉన్నచోట ఎనామిల్ పలచన, పుచ్చు ముందు అక్కడే పట్టుకుంటుంది.

ఇక 85. ఒక ఆర్‌వీజీ (ఒకటి రెండు పళ్ళకే తీసే చిన్న ఎక్స్‌రే) తీసి పుచ్చు నరానికి ఎంత దూరంలో ఉందో చూడాలి. దూరంగా ఉంటే స్టీల్ క్యాప్ చాలు. పాప భయపడుతుంటే హాల్ పద్ధతిలో ఇంజెక్షనూ డ్రిల్లూ లేకుండా వేయొచ్చు: పక్క పళ్ళ సందులో రబ్బరు రింగులు 3 నుంచి 5 రోజులు ఉంచి, చోటు వచ్చాక గ్లాస్ అయనోమర్ సిమెంటుతో క్యాప్ నొక్కి కూర్చోబెడతారు. మొదట కొరుకు ఎత్తుగా అనిపిస్తుంది, రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే అమ్మానాన్నలు క్యాప్ పీకించేస్తారు. నరందాకా పోయి ఉంటే పల్పోటమీ (పై భాగంలో నరం తీసి ఎంటీఏ అనే సిమెంటుతో మూయడం) చేసి పైన క్యాప్. అది కూడా దాటిపోయి పూర్తి రూట్ కెనాల్ చేయాల్సి వస్తే, చేసే డాక్టరుకు గుర్తుచేయండి: మామూలు పాలపన్నులో కరిగిపోయే పేస్టు నింపుతాం, ఎందుకంటే కింద పన్ను రావాలి. ఇక్కడ రాదు. కాబట్టి పెద్దవాళ్ళ పన్నుకు వాడే, కరగని రబ్బరు లాంటి గట్టాపెర్చానే నింపాలి. చాలాచోట్ల అలవాటు కొద్దీ కరిగే పేస్టు పెడతారు, అది కరిగి ఖాళీ అయి మళ్ళీ చీము పడుతుంది.

75 (ఎడమ వైపు 85కు జత పాలపన్ను), 85 రెండింటినీ ఆరు నెలలకోసారి ఎత్తు చూడాలి. పక్క పళ్ళు పెరుగుతుంటే ఇవి కిందికి దిగినట్టు కనబడటం మొదలైతే, అద్దం పిడితో తట్టినప్పుడు "ఠంగ్" మని లోహం చప్పుడు వస్తే, వేరు ఎముకకు అతుక్కుందన్నమాట. కొద్దిగా దిగితే పైన కాంపోజిట్ (పన్ను రంగు ఫిల్లింగ్) పేర్చి ఎత్తు కలపొచ్చు. మరీ దిగి పక్క పళ్ళు దానిమీదికి వాలుతుంటే అప్పుడు తీయడం గురించి ఆలోచించాలి.

వేర్లు ఎంత పొట్టి అన్నది ఓపీజీ మీద స్కేలు పెట్టి కొలవకండి, అందులో బొమ్మ సాగుతుంది. నిష్పత్తి చూడండి. కింది ఆరో నంబరుకు సగటున తల 7.5, వేరు 14 మిల్లీమీటర్లు, అంటే వేరు దాదాపు రెట్టింపు. వేరూ తలా సమానంగా ఉంటే జాగ్రత్త పడాల్సిన పన్ను అది. ముందు పళ్ళకు ఓపీజీ నమ్మదగింది కాదు, విడిగా ఆర్‌వీజీ తీయాలి.

35, 45 లేనట్టేనని ఇవాళే రాసేయకండి. ఐదో నంబరు మామూలు పిల్లల్లోనే ఒక్కోసారి ఆలస్యం చేస్తుంది, కీమో పడిన పిల్లల్లో ఇంకా. 11 ఏళ్ళకు ఇంకో ఓపీజీ తీసి తేల్చుకోవాలి.

టీనగర్_ఆర్థో:

పై డాక్టరు గారు చెప్పినదానికి క్లిప్పుల సంగతి కలుపుతాను.

వేయకూడదని కాదు. చికిత్స పూర్తయి, కనీసం రెండేళ్ళు జబ్బు లేకుండా గడిస్తే క్లిప్పులు మొదలుపెట్టొచ్చన్నది సాధారణంగా పాటించే పద్ధతి. పాపకు మూడున్నరేళ్ళు దాటాయి, ఆ అడ్డు లేదు. అసలు అడ్డు వేర్లే. పన్నును జరిపితే ఏ వేరైనా కాస్త కరుగుతుంది. 13 మిల్లీమీటర్ల వేరులో 1 మిల్లీమీటరు పోతే ఎవరికీ పట్టదు. 6 మిల్లీమీటర్ల వేరులో పోతే అది చిన్న విషయం కాదు.

అందుకని ఇలాంటి పిల్లలకు మేం పట్టుకునే నియమాలు వేరు. ఉన్నవాటిలో అతి సులువైన పద్ధతి, అతి తక్కువ బలం, ఎక్కడ బాగుందో అక్కడ ఆపేయడం, కింది దవడను వీలైనంత ముట్టుకోకపోవడం. అందం నూటికి నూరు రావాలన్న పట్టుదల వదులుకోవాలి. పై నాలుగు ముందు పళ్ళు వరసలోకి వస్తే చాలు. పన్నును ఎముకలోకి నొక్కడం, వేరును వెనక్కి తిప్పడం, ఈ రెండు కదలికలే వేరును ఎక్కువ కరిగిస్తాయి, అవి వద్దు. 45 లేని ఖాళీని మూయడానికి ఆరో నంబరును ముందుకు లాగడం అసలే వద్దు. పొట్టి వేరున్న పన్నును ఆ ఎముకలో అంత దూరం ఈడవడం దాన్ని పోగొట్టుకోవడమే. హెడ్‌గేర్ (నెత్తికి తగిలించి పళ్ళను లాగే పట్టీ), గట్టి రబ్బర్లు లాంటి బరువు ఆరో నంబరు మీద వేయకూడదు.

మొదలుపెట్టాక ఆరు నెలలకు ముందు పళ్ళకు ఆర్‌వీజీ తీసి మొదటి దానితో పక్కపక్కన పెట్టి చూడాలి. వేరు కొస గుండ్రమైపోతుంటే తీగను కదలిక లేకుండా చేసి మూడు నెలలు ఆపాలి. మళ్ళీ తగ్గితే అక్కడితో తీసేయడమే. తీసేశాక లోపలి వైపు సన్న తీగ అతికించి ఏళ్ళ తరబడి ఉంచాలి, లేకపోతే పొట్టి వేర్ల పళ్ళు త్వరగా జరుగుతాయి.

9 ఏళ్ళకు తొందరేం లేదు. పై పళ్ళు కింది పళ్ళకు లోపల పడుతున్నా, ముందుకు పొడుచుకొచ్చి పడితే విరిగేలా ఉన్నా తప్ప, ఇప్పుడు క్లిప్పుల అవసరం కనబడదు. 11 ఏళ్ళ ఓపీజీ వచ్చాక మాట్లాడుకోవచ్చు. ఈలోపు ఆటల్లో మౌత్‌గార్డ్ తప్పనిసరి. పొట్టి వేరు పన్ను దెబ్బ తగిలితే ఊడి చేతిలోకే వస్తుంది.

డేకేర్_నర్సు:

మీ కాగితంలో పళ్ళ డాక్టరు కోసం విడిగా ఒక పేజీ పెట్టండి. డిశ్చార్జి సమ్మరీ 12 పేజీలుంటే క్లినిక్‌లో ఎవరూ చదవరు. "బ్లడ్ క్యాన్సర్, తగ్గిపోయింది" అన్న మాటతో పళ్ళ డాక్టరుకు ఒరిగేదేమీ లేదు.

అందులో కీమో మొదలైన తేదీ, అయిపోయిన తేదీ రాయండి, సంవత్సరం మాత్రమే కాదు, నెలతో సహా. పైన క్యాలెండరు చూశారుగా, ఆరు నెలల తేడాకు పన్ను మారిపోతుంది. సైక్లోఫాస్ఫమైడ్, డౌనోరుబిసిన్, డాక్సోరుబిసిన్ మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు, ఒంటి ఉపరితలం చదరపు మీటరు లెక్కన. రేడియేషన్ ఇస్తే ఏ భాగానికి, ఎన్ని గ్రే (రేడియేషన్ కొలత). మజ్జ మార్పిడి జరిగితే ఆ తేదీ, ఒళ్ళంతటికీ రేడియేషన్ ఇచ్చారా, జీవీహెచ్‌డీ (దాత కణాలు రోగి ఒంటి మీదే దాడి చేసే జబ్బు) వచ్చిందా. ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్లు పడ్డాయా. ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. అది పడినవాళ్ళకు పన్ను పీకితే దవడ ఎముక మానక బయటపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి డాక్టరుకు ముందే తెలియాలి.

డౌనో, డాక్సో మందులు పడిన పిల్లలకు మత్తు ఇచ్చి పళ్ళ పని చేయాలంటే ఇటీవలి ఎకో (గుండె స్కాన్) రిపోర్టు ఉండాలి. మొత్తం మోతాదు చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు దాటితే గుండెకు ప్రమాదం ఎక్కువున్న వర్గం కింద లెక్క. చిగురుకిచ్చే మామూలు ఇంజెక్షనుకు ఇది అడ్డం కాదు, మత్తు డాక్టరుకు మాత్రం తప్పకుండా చూపించాలి. పోర్టు తీసేసి, గుండెలో లోపం లేకపోతే పళ్ళ పనికి ముందు యాంటీబయాటిక్ అక్కర్లేదు. పోర్టు ఇంకా ఉంటే ఆంకాలజీ డాక్టరును అడిగి చేయాలి.

ఇంకా మెయింటెనెన్స్‌లో ఉన్న పిల్లలకైతే సంగతి వేరు. అప్పటి రక్తపరీక్ష లేకుండా పీకుడూ రూట్ కెనాలూ పెట్టుకోవద్దు. ప్లేట్‌లెట్లు 75,000 పైన, ఏఎన్‌సీ (ఇన్ఫెక్షన్‌ను ఎదిరించే తెల్లకణాల లెక్క) 1,000 పైన లేకపోతే వాయిదా వేయగలిగిన పని వాయిదా వేయడమే. చీము, జ్వరం ఉంటే మాత్రం ఆగకూడదు, నేరుగా ఆసుపత్రికి రావాలి.

అడయారు_సహాయం:

అందరికీ చాలా థాంక్సండీ. నాయుడుపేట వాళ్ళతో మాట్లాడాను, 85 పీకించడం ఆపారు. సోమవారం ఆర్‌వీజీ తీయిస్తారు.

ఇంకో రెండు సంగతులు. కనిగిరి నుంచి ఒక బాబు వస్తాడు, 7 ఏళ్ళు, రెండేళ్ళ కిందట మందులు అయిపోయాయి. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. అది నీళ్ళ ఫ్లోరైడా, కీమోనా? వాళ్ళమ్మ ఫ్లోరైడ్ అన్న మాట వింటేనే భయపడి ఫ్లోరైడ్ లేని పేస్టు వాడుతోంది. ఇంకొకరు 16 ఏళ్ళ అబ్బాయి, ముక్కు వెనక గడ్డకు రేడియేషన్ అయింది. నోరు ఎండిపోతుంది, పళ్ళు చిగురు దగ్గర నల్లబడుతున్నాయి.

వేళచ్చేరి_పిల్లల_పళ్ళు:

కనిగిరి బాబు సంగతి చెప్తాను. రెండూ ఉండొచ్చు, కానీ విడదీసి చూడొచ్చు. నీళ్ళ ఫ్లోరైడ్ మచ్చ ఏళ్ళ తరబడి పడినది కాబట్టి పన్ను అంతటా మబ్బు పట్టినట్టు పరుచుకుంటుంది, దాని మీద గోధుమరంగు ఎక్కుతుంది. అదే ఇంట్లో అన్నకో చెల్లికో, పక్కింటి పిల్లలకో కూడా ఉంటుంది. వేర్లు మామూలుగా ఉంటాయి. కీమో గీత ఒక ఎత్తులో అడ్డంగా పడుతుంది, దాని పైనా కిందా ఎనామిల్ బాగుంటుంది, ఓపీజీలో వేర్ల తేడా కూడా తోడుంటుంది. ఇంట్లో మిగతా పిల్లల పళ్ళు చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆ తల్లి భయం అర్థం చేసుకోదగింది, ఆ ఊళ్ళ బాధ చిన్నది కాదు. ఆమెకు ఈ లెక్క చెప్పండి. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము. 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 1000) పేస్టయితే అందులో ఫ్లోరైడ్ 0.25 మిల్లీగ్రాము. మొత్తం మింగేసినా అంతే. తాగునీటికి మన దేశంలో పెట్టిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంటే పరిమితి అంచున ఉన్న నీళ్ళు ఒక్క లీటరు తాగితే ఆరుసార్లు పేస్టు మింగినంత. మార్చాల్సింది తాగే నీళ్ళు. పేస్టు మానేస్తే పలచబడిన ఎనామిల్‌కు ఉన్న ఒక్క రక్షణా పోతుంది. పైగా ఈ మచ్చలు పన్ను తల తయారవుతున్నప్పుడే పడతాయి. 8 ఏళ్ళు దాటితే జ్ఞానదంతాలు తప్ప మిగతా తలలన్నీ అయిపోతాయి, కొత్త మచ్చల భయం ఉండదు.

పిల్లల పేస్టులని బొమ్మలేసి అమ్మేవాటిలో కొన్నింటిలో ఫ్లోరైడ్ ఉండదు, కొన్నింటిలో 500 ఉంటుంది. ట్యూబు వెనక సన్న అక్షరాలు చదివి 1000 ఉన్నది కొనాలి. మూడేళ్ళలోపు బియ్యం గింజంత, ఆ పైన బఠాణీ గింజంత. పొద్దున, రాత్రి పడుకునే ముందు. తోమాక ఉమ్మేయాలి, నీళ్ళతో పుక్కిలించకూడదు, పుక్కిలిస్తే మందంతా సింకులో పోయినట్టే. ఏడెనిమిదేళ్ళ దాకా బ్రష్ పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి.

ఈ పిల్లలందరికీ మూడు నెలలకోసారి 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ పూయించాలి. పాలపళ్ళూ పెద్దపళ్ళూ కలిసి ఉన్న నోటికి 0.4 మిల్లీలీటర్లు సరిపోతుంది. పళ్ళు గాజుగుడ్డతో తుడిచి పలచగా రాస్తారు. ఆ తర్వాత నాలుగు గంటలు గట్టివీ వేడివీ తినకూడదు, ఆ రాత్రి తోమకూడదు. నోట్లో పుండ్లుంటే, ఆసుపత్రిలో చేరేంత ఉబ్బసం ఉంటే వేయించవద్దు.

తిండి దగ్గర చెప్పాల్సింది ఒక్కటే: ఎంత తీపి అని కాదు, రోజుకు ఎన్నిసార్లు అన్నది. చికిత్సప్పుడు "ఏదో ఒకటి తిననీ" అని గంటగంటకూ బిస్కెట్లు, బూస్ట్ పాలు అలవాటు చేస్తారు. అప్పుడు అది సరైనదే. మందులయ్యాక కూడా ఆ అలవాటు సాగడం వల్లే పుచ్చులు. తీపి భోజనంతో పాటు ఇవ్వండి, మధ్యలో మురుకులో వేరుశనగలో పెట్టండి. రాత్రి తోమాక నీళ్ళు తప్ప ఏదీ వద్దు.

నోటివైద్యం_పోరూరు:

16 ఏళ్ళ అబ్బాయి గురించి. ఇది కీమో పిల్లల దారి కాదు. ఇక్కడ దెబ్బతిన్నవి లాలాజల గ్రంథులు. ఉమ్మి తగ్గిందంటే పన్నును కడిగేది, ఆమ్లాన్ని విరిచేది లేదు. అందుకే పుచ్చు మామూలుగా రాని చోట్ల, చిగురు అంచు చుట్టూ, కోరపళ్ళ కొసల మీద, ముందు పళ్ళ అంచుల మీద వస్తుంది. ఆరు నెలలు ఊరుకుంటే పన్ను మెడ దగ్గర తెగి పడిపోతుంది. కాబట్టి ఈ వారమే చూపించండి.

అతని పళ్ళ అచ్చు తీసి మెత్తటి ట్రేలు చేయించాలి. అందులో 1.1 శాతం సోడియం ఫ్లోరైడ్ జెల్ ఒక సన్నటి చార వేసి రోజూ రాత్రి తోమాక 5 నిమిషాలు పెట్టుకుని ఉమ్మేయాలి, అరగంట నీళ్ళు తాగకూడదు. జెల్ ఆమ్లం లేనిదై ఉండాలి, ఆమ్లం ఉన్నది ఎండిన నోటిని మండిస్తుంది. ఇది ఒక నెల కోర్సు కాదు. ఉమ్మి తిరిగి రానంతకాలం చేయాలి. నోరు తడుపుకోవడానికి నీళ్ళు గుక్కగుక్కగా, చక్కెర లేని చూయింగ్ గమ్. నిమ్మ బిళ్ళలు, ప్యాకెట్ జ్యూస్ వద్దు. పుక్కిలించడానికి ఒక కప్పు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా వంటసోడా, అరపావు చెంచా ఉప్పు.

నోరు ఎంత తెరుచుకుంటోందో చూడండి. అతని మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి. 35 మిల్లీమీటర్లకు తగ్గితే బిగుసుకుపోతున్నట్టు. రోజుకు 5 సార్లు, ఒక్కోసారి 5 మార్లు, తెరిచి 30 సెకన్లు పట్టి ఉంచడం. ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పేర్చి పళ్ళ మధ్య పెట్టి, వారానికో పుల్ల కలుపుతూ పోవచ్చు. ఈ బిగువు రేడియేషన్ అయిన చాలా కాలానికి కూడా పెరుగుతుంది, పూర్తిగా బిగిస్తే పళ్ళ డాక్టరు చెయ్యే లోపలికి పోదు.

కింది దవడకు 40 గ్రే పైన పడి ఉంటే, ఆ భాగంలో పన్ను పీకడానికి ఎవరూ ఒప్పుకోకండి, ముందు రేడియేషన్ చార్టు తెప్పించండి. రక్తప్రసరణ తగ్గిన ఎముక గాయం మానక చచ్చిపోతుంది. అలాంటి పన్నుకు రూట్ కెనాల్ చేసి, తల చిగురు దాకా కోసేసి, వేరును అలాగే ఉంచేయడం మేలు.

మజ్జ మార్పిడి అయి జీవీహెచ్‌డీ వచ్చిన పిల్లల బుగ్గల లోపల తెల్లటి అల్లిక లాంటి చారలు, రెండు వారాలకు మానని పుండు కనబడితే బయాప్సీకి పంపాలి. వాళ్ళకు నోటి క్యాన్సర్ ముప్పు ఎక్కువ. కాలేజీ వయసుకు వచ్చేసరికి గుట్కా, ఖైనీ, సిగరెట్ గురించి ఇంట్లోవాళ్ళు గట్టిగా మాట్లాడాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

అంబత్తూరు_జనరల్:

చిన్నప్పుడు కీమో పడి పెద్దయినవాళ్ళ గురించి ఒక మాట కలుపుతాను. పాతికేళ్ళ మనిషి పళ్ళు కదులుతున్నాయని వస్తే, చిగుళ్ళ జబ్బని క్లీనింగ్ చేసి, తగ్గకపోతే పీకేయడం జరుగుతోంది. పన్ను కదులుతోంది కానీ చిగురు సందు లోతు 2, 3 మిల్లీమీటర్లే ఉంది, రక్తం లేదు అంటే చిగుళ్ళను అనుమానించకుండా ముందు ఆర్‌వీజీ తీయాలి. పొట్టి వేరు కావచ్చు. అలాంటి పన్నును కొరుకు సర్ది, పక్క పళ్ళతో కలిపి కట్టి ఏళ్ళు నడిపించొచ్చు.

"చిన్నప్పుడు పెద్ద జబ్బేమైనా చేసిందా" అని అడిగితే చాలామంది లేదంటారు. కొందరికి నిజంగానే తెలియదు, అమ్మానాన్నలు చెప్పి ఉండరు. కొందరు పక్కన అత్తగారు కూర్చుంటే చెప్పలేరు. అందుకని లోపలికి ఒక్కరినే పిలిచి అడగాలి. "చిన్నప్పుడు ఛాతీ మీద, కాలర్ ఎముక కింద మందులెక్కించే డబ్బా లాంటిది పెట్టారా, అక్కడ మచ్చ ఉందా" అని అడిగితే గుర్తొస్తుంది. అడయారు గారూ, మీ కాగితంలో అమ్మానాన్నలకు ఇది కూడా రాయండి: పిల్లలు పద్దెనిమిదికి వచ్చేసరికి ఈ పేజీ వాళ్ళ చేతికి ఇచ్చి, ఏం జరిగిందో చెప్పండి అని.

అడయారు_సహాయం:

రాస్తాను సార్. ఇంకొక్క ప్రశ్న. 75, 85 ఎప్పటికైనా ఊడిపోతే ఇంప్లాంట్ ఏ వయసుకు? ఖర్చు పెట్టుకోలేని వాళ్ళను ఇక్కడ ఎక్కడికి పంపాలి?

టీనగర్_ఆర్థో:

ఎముక ఎదుగుదల ఆగాకే. ముందు పెడితే చుట్టూ దవడ పెరిగి ఇంప్లాంట్ లోతున ఉండిపోతుంది. ఆడపిల్లలకు 17, 18, మగపిల్లలకు 20 దాకా ఆగడం మంచిది, అదీ వయసు చూసి కాదు, ఏడాది తేడాతో తీసిన రెండు సెఫలోగ్రాములు (పుర్రెకు పక్క నుంచి తీసే ఎక్స్‌రేలు) కలిపి చూసి. గ్రోత్ హార్మోన్ ఇస్తున్న పిల్లలకు ఇంకా ఆగాలి. అప్పటిదాకా తీసి పెట్టుకునే పన్నో, పక్క పన్ను అరగదీయకుండా వెనక అతికించే బ్రిడ్జో సరిపోతుంది.

వేళచ్చేరి_పిల్లల_పళ్ళు:

ఖర్చు పెట్టుకోలేని వాళ్ళను ప్రభుత్వ డెంటల్ కాలేజీకి పంపండి. సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు నుంచి రైల్లో సెంట్రల్‌లో దిగేవాళ్ళు రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో బీచ్ వైపు లోకల్ ఎక్కితే తర్వాతి స్టేషనే ఫోర్ట్, కాలేజీ దాని దగ్గరే. ఓపీలో "పీడోడాంటిక్స్" (పిల్లల పళ్ళ విభాగం) అని అడగమనండి, లేకపోతే పీకుడు వరసలో నిలబెట్టే వీలుంది. నర్సు గారు చెప్పిన పేజీ, పాత ఓపీజీ చేతిలో ఉండాలి.

ఓపీజీ ఫిల్ము చుట్టి రబ్బరు బ్యాండు వేసి తెస్తారు, రెండేళ్ళకు గీతలు పడి వేరు కొస కనబడదు. తీయించిన చోటే సాఫ్ట్ కాపీ కూడా అడిగి, నాన్న ఫోన్లోనూ అమ్మ ఫోన్లోనూ పెట్టుకోమనండి. ఫైలు పేరులో తేదీ, పాప వయసు ఉండాలి. 11 ఏళ్ళప్పుడు పక్కన పెట్టి చూడాల్సింది దాన్నే.